నాబోతు కాదనగలడా?

ఆహాబు రాజు నాబోతుకు పెట్టిన బేరం చెడ్డదేమీ కాదు! యెజ్రెయేలులోని ద్రాక్షతోట తనకిస్తే అంతకన్నా మంచి తోటైనా, దాని ఖరీదుకు తగిన సొమ్మైనా ఇస్తానన్నాడు (1 రాజులు 21). నేటి భాషలో న్యాయమైన నష్టపరిహారం. పితరుల స్వాస్థ్యం ఇవ్వనన్నాడు నాబోతు. అప్పుడు యెజెబెలు ఏం చేసింది? రాజముద్ర వేసి తాకీదులు పంపింది, ఉపవాసం చాటించింది, పెద్దల సభలో ఇద్దరు సాక్షులను నిలబెట్టించింది. కాగితాల మీద అంతా సక్రమమే! నాబోతు మాత్రం రాళ్లదెబ్బలకు చనిపోయాడు.

గిరిజన భూముల్లో గనుల మాట వస్తే మన చర్చంతా ఎంత ఇస్తారన్న దాని చుట్టే తిరుగుతుంది. విశాఖ మన్యంలోని బొర్రా ప్రాంతపు గనుల లీజులపై 'సమత' సంస్థ వేసిన కేసులో 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చాలామందికి 20 శాతం తీర్పుగానే గుర్తు. నికర లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంతపు బడులకు, వైద్యానికి, రోడ్లకు శాశ్వత నిధిగా ఉంచాలంది, నిజమే. కాని అసలు మాట వేరే ఉంది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు లీజుకిచ్చే హక్కు ప్రభుత్వానికే లేదంది! (మన్యంలో స్థలం కొని మందిరం కట్టాలని ఉత్సాహపడే మైదాన సంఘాలూ 1/70 చట్టం ఒకసారి చదువుకోవాలి. అక్కడ గిరిజనేతరుల పేరున రిజిస్ట్రేషన్ చెల్లదు, ఉద్దేశం ఎంత మంచిదైనా సరే.)

2015లో జిల్లా ఖనిజ ఫౌండేషన్లు వచ్చాయి. పాత లీజులవారు రాయల్టీలో 30 శాతం, కొత్తవారు 10 శాతం అదనంగా కట్టాలి. మేలే. అయితే అది తవ్వకం మొదలయ్యాక వచ్చే డబ్బు. తవ్వాలా వద్దా అని ఊరిని అడిగేది కాదు.

అలా అడిగిన సందర్భం ఒకటుంది. మన పొరుగునే ఒడిశాలోని నియమగిరి కొండల్లో బాక్సైట్ తవ్వకం గురించి గ్రామసభలే తేల్చాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడి డోంగ్రియా కోందులకు ఆ కొండ నియమరాజు నిలయం. వారి విశ్వాసం మనది కాదు, కాని నాబోతు జవాబుకు అంత దగ్గరి జవాబు ఈ రోజుల్లో నేను మరెక్కడా వినలేదు. 12 పల్లెల్లో సభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి. 2014లో కేంద్ర పర్యావరణ శాఖ అనుమతి నిరాకరించింది.