మతిమరుపు ఎవరి లెక్కలోకి వస్తుంది?

2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఆర్.ఆర్. వెంకటాపురం మీద పడింది. 12 మంది చనిపోయారు. పశువులు ఎక్కడివక్కడే కూలిపోయాయి. మృతుల కుటుంబాలకు ప్రభుత్వం కోటి రూపాయల చొప్పున ఇచ్చింది. ఆసుపత్రిలో చేరినవారికి ఇంత, ఊళ్లో ఉన్నవారికి ఇంత అని లెక్క కట్టింది. కంపెనీ 50 కోట్లు డిపాజిట్ చేయాలని హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది. ఈ పరిహారం పట్టికల్లో జ్ఞాపకశక్తికి గడి లేదు.

స్టైరీన్ ప్లాస్టిక్‌కు ముడిసరుకు. కానీ ఒంట్లోకి పోయాక థిన్నర్ లాంటి ద్రావకాల మాదిరే పనిచేస్తుంది. కొవ్వులో కరిగే గుణం ఉండడంతో మెదడుకు త్వరగా చేరుతుంది. ముందు తలతిరుగుడు, మగత. ఫైబర్ పడవలు చేసేచోట ఏళ్ల తరబడి దాన్ని పీల్చిన కార్మికుల్లో రంగులు పోల్చుకోలేకపోవడం, మతిమరుపు, మందకొడితనం కనిపించాయి. డెన్మార్క్‌లో పెయింటర్ల మతిమరుపును 1970లలోనే వృత్తి జబ్బుగా ఒప్పుకున్నారు. మన దగ్గరైతే 'వయసు మీద పడింది' అంటారు, లేకపోతే తాగుడు మీదకు తోసేస్తారు.

ఒక్క రాత్రి పీల్చినా అలాగే అవుతుందని మేం అనడం లేదు. కాదని చెప్పాలన్నా పరీక్షించాలి కదా! స్టైరీన్ కొద్ది రోజుల్లోనే ఒంట్లోంచి పోతుంది కాబట్టి ఇప్పుడు రక్తం తీసి లాభం లేదు. మనిషినే ఏళ్ల తరబడి చూడాలి. ఆ ఊళ్లవారందరికీ పేరుపేరునా రిజిస్టరు పెట్టి, 20 ఏళ్లపాటు ఏటా నరాల డాక్టరు చేత జ్ఞాపకశక్తి పరీక్షలు చేయించాలని, బడి పిల్లలతో మొదలుపెట్టాలని, ఖర్చు కంపెనీ భరించాలని డిమాండ్ చేస్తున్నాం.

ఇది సిటీ గొడవ, మనకెందుకు అనుకునే రైతులు తమ భుజాన ఉన్న పంపు సంగతి ఆలోచించాలి. క్లోరిపైరిఫాస్ 20 ఇ.సి. డబ్బాలో మందు 20 శాతమే. మిగతాదానిలో ఎక్కువ భాగం మందును కరిగించే నూనె, జైలీన్ జాతి ద్రావకం. మూత తీయగానే ముక్కుకు కొట్టే వాసన చాలావరకు దానిదే. గుడ్డ కట్టుకుంటే ఆవిరి ఆగదు. మందు ఆరుబయట, గాలికి వీపు పెట్టి కలపండి. పడుకునే గదిలో డబ్బా ఉంచొద్దు.

మా డిమాండ్ల మీద ఈ నెలంతా సీతమ్మధార రైతుబజారు దగ్గర సంతకాలు తీసుకుంటున్నాం. కూరలు దించి వచ్చేటప్పుడు మీ ఇంట్లో మందు డబ్బా మీది కాగితం ఫోటో తీసి తెండి. అందులో ద్రావకం పేరు ఉందో లేదో కలిసి చూద్దాం.