పెరటికోళ్లు సుఖముగా నున్నవా?

సంపాదక మహాశయా,

పంజరములలోని కోళ్లు దుఃఖభాజనములనియు, పెరటికోళ్లు స్వేచ్ఛాసుఖము ననుభవించుచున్నవనియు గతసంచికలో వ్యాసకర్తగారు వ్రాసిరి. పూర్వార్ధము సత్యమే. కాని మా దేవరకొండ, అచ్చంపేట ప్రాంతపు అంగళ్లకు, కాళ్లు కట్టి తలక్రిందులుగా సైకిలుకు వ్రేలాడదీయగా, మండుటెండలో నోరు తెఱచి వచ్చు నాటుకోళ్లను వారు చూచియుండరు. కోడికి మనవలె ఉదరవితానము లేదు. తలక్రిందైనప్పుడు ప్రేగులును కార్జమును గాలితిత్తులపై బడి ఊపిరి సలుపనీయవు. అనవసరబాధ కలుగునట్లు జంతువులను గొనిపోవుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రకారము నేరము. కొక్కెర తెగులునకు టీకా యుండియు వేయింపమి మఱియొక హింస. నేనును చిన్ననాట కోళ్లను తలక్రిందులుగా మోసినవాడనే. ఇకనైన వానిని వెదురుగంపలో ఉంచి తెండని పాఠకులను ప్రార్థించుచున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు, దేవరకొండ