ఒడిశా పోయిద్దన్న తుపాను బందరు ఎందుకొచ్చింది?

మే నెల వచ్చిందంటే చాలు, మన ఫోన్లలో ఒక రంగుల మ్యాపు తిరగడం మొదలవుద్ది. బంగాళాఖాతం మధ్యలో ఎర్రగా, ఊదాగా ఒక సుడి. కింద "పది రోజుల్లో భారీ తుపాను, అందరికీ షేర్ చెయ్యండి" అని. అక్కడ ఇంకా అల్పపీడనం కూడా పుట్టి ఉండదు. అయినా ఏ ఊరి దగ్గర తీరం దాటుద్దో చెప్పేస్తారు. నేనూ అలాంటివి పంపినోణ్ణే. 2022లో మా బాబాయికి ఒకటి పంపి తిట్లు తిన్నా. అందుకే ఇది రాస్తన్నా.

అప్పుడొచ్చింది అసని. మే 7న వాయుగుండం, 8న పొద్దున తుపాను, ఆ సాయంత్రానికే తీవ్ర తుపాను. వాతావరణ శాఖ మొదట్లో చెప్పిందేంటంటే, అది వాయవ్యంగా ఉత్తరాంధ్ర, ఒడిశా ఎదురుగా వచ్చి, సముద్రంలోనే మలుపు తిరిగి, ఒడిశా తీరం వెంబడి పోతా నీరసపడిద్ది అని. అది చూసి బాబాయికి మెసేజ్ పెట్టా: "ఒడిశా పోతంది, మనకేం లేదు."

ఆయనది నరసాపురం అవతల. దాళ్వా ధాన్యం రోడ్డు మీద ఆరబోసి ఉంది. చదువుకున్నోడు చెప్పాడు కదా అని ఇంకా రెండు బరకాలు అద్దెకు తెద్దామనుకున్నోడు ఆగిపోయాడు. 10వ తేదీ సాయంత్రానికి లెక్క మారింది. కాకినాడ, విశాఖ తీరానికి బాగా దగ్గరగా వచ్చుద్దన్నారు, కోస్తాకి రెడ్ అలర్ట్ ఇచ్చారు. ఆ బులెటిన్ నేను చూడలా. 11న సాయంత్రం అది మచిలీపట్నం, నరసాపురం మధ్య నేల ఎక్కింది. అప్పటికి బలం తగ్గి తీవ్ర వాయుగుండమే అయింది, అది మన అదృష్టం. కానీ ధాన్యం తడవడానికి తీవ్ర తుపానే రావాలా? తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో ఏమంటారో రైతు ఇంట్లో పుట్టినోళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

ఆ రెండు రోజులూ టీవీలో ఏం చూపించారో గుర్తుందా? శ్రీకాకుళం జిల్లా సున్నాపల్లి తీరానికి కొట్టుకొచ్చిన బంగారు రంగు రథం. మా రోడ్డు మీద తడిసిన రాశులు ఎవరికీ కనపడలా.

సరే, లెక్క ఎందుకు తప్పింది? తుపాను తనంతట తాను నడవదు. కాలవలో గుర్రపుడెక్క ముద్ద లాంటిది, నీళ్ళు ఎటు తోస్తే అటు పోయిద్ది. తుపాన్ని తోసేది పైన, ఎత్తులో ఉండే గాలి. మేలో దాని మీద రెండు తోపులు ఉంటాయి. ఉత్తరాన ఉన్న అధిక పీడనం దాన్ని పడమరకి, అంటే మన మీదకి నెడతది. పడమర నుంచి వచ్చే గాలుల ద్రోణి అందుకుంటే ఈశాన్యానికి లాక్కెళ్ళుద్ది. ఎవరి బలం ఎక్కువో తేలకపోతే తుపాను మెల్లగా కదులుద్ది, మలుపు ఎప్పుడనేది ఎవరికీ అంతుబట్టదు. గంటకి 12 కిలోమీటర్లు నడిచే తుపాను 12 గంటలు ఆలస్యంగా తిరిగిందనుకోండి, 144 కిలోమీటర్ల తేడా. బందరు నుంచి కాకినాడకి గీత గీస్తే దాదాపు అంతే. సముద్రంలోనే పోయిద్దన్నది ఊళ్ళోకి రావడానికి అది చాలు.

ఇప్పుడు మన వాతావరణ శాఖ అంచనా 24 గంటల ముందు సగటున 70-80 కిలోమీటర్లు అటూ ఇటూ అవుద్ది. బందరుకీ బాపట్లకీ మధ్య దూరం అంత. మూడు రోజుల ముందైతే దానికి రెట్టింపు వేసుకోండి. వాళ్ళు మ్యాపులో గీత చుట్టూ గరాటా లాగా వెడల్పయ్యే బొమ్మ గీసేది అందుకే. అది తుపాను సైజు కాదు, దాని కేంద్రం ఎటు పోవచ్చో చెప్పే హద్దు. టీవీ వాళ్ళు ఆ గరాటా తీసేసి గీత మాత్రం ఉంచుతారు. మనం గీత కూడా తీసేసి ఊరి పేరు ఒక్కటే ఫార్వర్డ్ చేస్తాం. అసలు తప్పు ఇక్కడే జరుగుతందని నేనంటా.

ఇంకోటి. "మే తుపాన్లు మనవి కావు" అనే మాట మన జనంలో బాగా నాటుకుంది. ఫణి ఒడిశాకి పోయింది, ఆంఫన్ బెంగాల్‌కి, యాస్ ఒడిశాకి, మోచా మయన్మార్‌కి. నిజమే. కానీ 1990 మేలో కృష్ణ ముఖద్వారం దగ్గర దాటిన తుపాను 900 మందికి పైగా ప్రాణాలు తీసింది. 2010 మేలో లైలా బాపట్ల దగ్గర దాటింది. మన పెద్దోళ్ళని 90 తుపాను గురించి అడగండి, చెప్తారు.

అటు తప్పినా గొడవే. 2021 డిసెంబర్లో జవాద్ వచ్చుద్దని శ్రీకాకుళంలో వేల మందిని ఖాళీ చేయించారు. అది సముద్రంలోనే బలం తగ్గి పూరీ వైపు పోయింది. "ఉత్తినే తిప్పారు" అని నవ్వుకున్నారు. నేనైతే నవ్వను. రెండు తప్పులూ ఒకటి కాదు. ఖాళీ చేయిస్తే పోయేది ఒక రాత్రి నిద్ర, ఒక రోజు కూలి. బరకం అద్దెకి తెచ్చి వాడకపోతే పోయేది అద్దె. తేకపోతే పోయేది పంట. గరాటా అంచు మన మండలం మీద పడిందంటే, మధ్య గీత ఎక్కడున్నా బరకం తెచ్చుకోవడమే లెక్క.

అధికారులకీ ఒక మాట. ఊళ్ళో ఫోన్లకి వచ్చే మెసేజ్‌లో "భారీ వర్షాలు పడే అవకాశం" అని రాస్తే ఎవడికి ఉపయోగం? మా మండలానికి ఎప్పటి నుంచి, లెక్క తప్పితే ఎటు తప్పుద్ది, మళ్ళీ ఎన్ని గంటలకి చెప్తారు, అది రాయండి. తుపాను ఉన్నప్పుడు మూడు గంటలకొకసారి బులెటిన్ ఇస్తానే ఉన్నారు కదా, అది పంచాయతీ మైకు దాకా ఎందుకు రాదు? ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి మేలో మరబోట్లు ఒడ్డునే ఉంటాయి, అదొక్కటి మేలు. కళ్ళాల్లో ధాన్యానికి అలాంటి సెలవేం లేదు.

బాబాయి ఇప్పుడు "ఏరా, ఎటు పోతందంటా?" అని అడగడం మానేశాడు. నేను ఏదన్నా పంపితే వెంటనే ఫోన్ చేసి, "ఇది ఎన్ని గంటల బులెటిన్‌రా?" అంటాడు.