చిన్న పడవ, సీసపు గుండు

పిల్లలూ!

ఈ నెల మీకొక కొత్త పనిముట్టును గురించి చెబుతాను. దానితోపాటు నేను చేసిన ఒక పొరపాటును గురించి కూడా చెబుతాను. ఏళ్ల తరబడి బడిలో లెక్కలూ, భౌతికశాస్త్రమూ చెప్పిన మేష్టారు పొరపాటు చేస్తాడా అని మీరు అడగవచ్చు. చేస్తాడు. చేసినప్పుడు ఒప్పుకుని, ఎక్కడ తప్పిందో పదిమందికీ చెప్పాలి. అప్పుడే ఆ పొరపాటు వల్ల కాస్త ప్రయోజనం ఉంటుంది.

నిరుడు వేసవిలో నేను అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలో ఉంటున్న మా పెద్దబ్బాయి ఇంటికి వెళ్లాను. మా మనుమడికి పదహారేళ్లు. వాడికి చేపలు పట్టటమంటే మహా సరదా. వాడికొక కయాక్ ఉన్నది.

కయాక్ అంటే ఒక్క మనిషి కూర్చునే సన్నని పడవ. ఉత్తర ధ్రువానికి దగ్గరగా, మంచు ప్రాంతాలలో ఉండే ఇన్యూట్ ప్రజలు దానిని వేల ఏళ్ల నుంచి వాడుతున్నారు. వారి దేశంలో చెట్లు లేవు. సముద్రం ఒడ్డుకు కొట్టుకువచ్చిన కొయ్యతోనో, ఎముకలతోనో చట్రం కట్టి, దానికి సీలు చర్మం తొడిగేవారు. ఇప్పటి కయాకులు ఎక్కువగా ప్లాస్టిక్కువి. మా మనుమడిది 12 అడుగుల పొడవు, 80 సెంటీమీటర్ల వెడల్పు. దానిమీద కుర్చీలాంటి ఆసనం ఉంటుంది. సైకిలు తొక్కినట్టు తొక్కితే పడవ ముందుకు పోతుంది.

ఆ రాష్ట్రం పక్కనే మిషిగన్ సరస్సు ఉన్నది. సరస్సు అంటే మన ఊరి చెరువులాంటిది అనుకునేరు! దాని విస్తీర్ణం మన ఆంధ్రప్రదేశ్ విస్తీర్ణంలో మూడోవంతుకు పైగా ఉంటుంది. అన్నిటికంటె లోతైన చోట 281 మీటర్ల లోతు. 1966లో పసిఫిక్ సముద్రపు జాతి సాల్మన్ చేపపిల్లలను తెచ్చి, ఈ సరస్సులో కలిసే ఏటిలో వదిలారు. అవి బాగా పెరిగాయి. ఇప్పుడు వాటిని పట్టటానికి ఎక్కడెక్కడినుంచో జనం వస్తారు.

అయితే ఒక చిక్కు ఉన్నది. సాల్మన్‌కు చల్లని నీరు కావాలి. వేసవిలో ఎండకు పైనీరు వేడెక్కుతుంది. వేడి నీరు తేలిక గనక పైనే తేలుతూ ఉంటుంది. చన్నీరు బరువు గనక అడుగునే ఉండిపోతుంది. నీరు అన్నిటికంటె బరువుగా ఉండేది 4 డిగ్రీల వద్ద అని మీరు పాఠంలో చదివే ఉంటారు. ఈ విధంగా సరస్సులో పైన వెచ్చని పొర, కింద చల్లని పొర ఏర్పడతాయి. చేపలు పైపొర వదిలి యాభై, వంద అడుగుల లోతుకు దిగిపోతాయి. మామూలు గాలం అంత లోతుకు పోదు. పడవ ముందుకు పోతూ ఉంటే ఎర పైకి తేలుతుంది.

గాలపు దారానికే పెద్ద బరువు కడితే సరిపోదా? సరిపోదు. చేప పడినప్పుడు ఆ బరువును కూడా లాగవలసి వస్తుంది. చేప కొరికిన సంగతి చేతికి తెలియదు.

అందుకోసం పుట్టినదే డౌన్‌రిగ్గర్. దీనిలో ఒక చక్రం, దానికి చుట్టిన తీగ, తిప్పటానికి పిడి, బయటికి చాచిన ఒక చెయ్యి, ఆ చేతి కొసన ఒక గిలక ఉంటాయి. తీగ కొసన సీసపు గుండు వేలాడుతుంది. గుండుకు పైన బట్టల క్లిప్పులాంటి క్లిప్పు ఉంటుంది. గాలపు దారాన్ని ఆ క్లిప్పుకు తగిలించి, గుండును కిందికి దించుతారు. గుండు ఎరను తనతో తీసుకుపోతుంది. చేప ఎరను పట్టుకుని గుంజగానే దారం క్లిప్పులో నుంచి ఊడివస్తుంది. ఇక దారానికి ఒక కొసన చేప, మరొక కొసన మనిషి. మధ్యలో బరువు లేదు. బావిలో బొక్కెనకు గిలక ఎట్లాగో, ఈ గుండుకు ఆ గిలక అట్లాగ.

పెద్ద మర పడవలకు దీనిని బిగించటంలో వింత లేదు. మా మనుమడు దీనిని తన కయాక్‌కు బిగించాలనుకున్నాడు. పక్కింటి పెద్దమనిషి సాయం చేస్తానన్నాడు. నేను కుర్చీ వేసుకుని కూర్చుని సలహాలు ఇవ్వసాగాను.

"తాతయ్యా, ఈ గుండు పక్కకు వేలాడితే పడవ ఒరిగిపోదా?" అని అడిగాడు వాడు.

"లెక్క వేసి చూద్దాం, నాయనా," అన్నాను నేను హుషారుగా.

గుండు 2 కిలోలు. చెయ్యి కొస పడవ నడిమి గీతకు 60 సెంటీమీటర్ల దూరంలో ఉన్నది. రెండూ హెచ్చవేస్తే 120. మా వాడి బరువు 60 కిలోలు. వాడు 2 సెంటీమీటర్లు అవతలి పక్కకు జరిగితే అరవై రెళ్లు 120. సరిపోయింది! కావడిలో బరువు సరిచూసుకున్నట్టే. పైగా నీటిలో మునిగాక గుండు బరువు తగ్గుతుంది. సీసం నీటికంటె 11 రెట్లు బరువు గనక, గుండు బరువులో పదకొండోవంతు నీరే మోస్తుంది.

"భయం లేదు. కాళ్లకు అడ్డం రాకుండా పడవ ముందు భాగాన బిగించు. కావలసినప్పుడు వంగితే అందుతుంది," అన్నాను.

వాడు అట్లాగే బిగించాడు. గుండు జారిపోకుండా చక్రానికి ఉన్న బ్రేకును కూడా గట్టిగా బిగించాడు.

మరునాడు దగ్గరలో ఉన్న ఒక చిన్న చెరువులో పరీక్ష చేశాము. వాడు ప్రాణరక్షణ జాకెట్టు తొడుక్కున్నాడు. పక్కింటాయన, నేను ఒడ్డున ఉన్నాము. గుండును కొద్దిగా దించి, వాడు తొక్కుకుంటూ పోతున్నాడు. పడవ చక్కగా నిలిచి ఉన్నది. నా లెక్క నిజమైందని నేను మురిసిపోతున్నాను.

ఇంతలో ఆ గుండు నీటి అడుగున ఉన్న ఒక దుంగకు చిక్కుకున్నది. పడవ ముందుకు పోతూనే ఉన్నది. తీగ బిగుసుకున్నది. పడవ ఆ పక్కకు ఒరిగింది. వాడు బ్రేకు వదులు చేయటానికి ముందుకూ, పక్కకూ వంగాడు. ఒరిగిన పక్కకే వంగవలసి వచ్చింది! క్షణంలో పడవ తిరగబడింది.

నీరు మెడలోతే గనక వాడు నవ్వుతూ నడిచి వచ్చాడు. పక్కింటాయన కూడా నవ్వాడు. నేను మాత్రం నవ్వలేకపోయాను. అది చిన్న చెరువు కాక, పెద్ద సరస్సయితే? వసంతకాలమయితే? ఆ కాలంలో గాలి వెచ్చగా ఉన్నా, నీరు మాత్రం చేతులు కొంకర్లు పోయేటంత చల్లగా ఉంటుంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పడుకుని మళ్లీ లెక్క వేశాను. కూడికలో, హెచ్చవేతలో తప్పు లేదు. నేను వేసుకున్న ప్రశ్నే తప్పు. గుండు బరువెంత అని అడిగానే గాని, గుండు చిక్కుకుంటే లాగుడు ఎంత అని అడగలేదు. మనిషితో కలిసి వంద కిలోల పడవ ఒక్కసారిగా ఆగితే, తీగ మీద 30 కిలోల లాగుడు పడటం కష్టం కాదు. 30ని 60తో హెచ్చవేస్తే 1800. దానికి సరితూగాలంటే మావాడు 30 సెంటీమీటర్లు అవతలికి జరగాలి. పడవ సగం వెడల్పే 40 సెంటీమీటర్లు! జరగటానికి చోటెక్కడిది?

తెల్లవారగానే ముగ్గురం కూర్చుని పని మళ్లీ మొదలుపెట్టాము.

మొదట మావాణ్ణి పడవలో కూర్చోబెట్టి, కళ్లు మూసుకుని చెయ్యి చాచమన్నాను. వంగకుండా చెయ్యి ఎక్కడ పడిందో అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టాము. తెడ్డు వేసినప్పుడు తగలకుండా, మోకాలికి అడ్డం రాకుండా చూసుకున్నాము. డౌన్‌రిగ్గర్ చోటు అదే.

తరువాత దాని చెయ్యి పొట్టిది తగిలించి, అంచును కాస్త దాటేటట్టు మాత్రమే ఉంచాము. నడిమి గీతనుంచి దూరం 60 పోయి 45 సెంటీమీటర్లయింది.

మూడవది బిగింపు. పడవ ప్లాస్టిక్కు పలచన. ఉత్త మరచీలలు కొడితే ఊడివస్తాయి. ఆ జాతి ప్లాస్టిక్కుకు జిగురు కూడా సరిగా పట్టదు. అందుచేత లోపలివైపున ఒక అల్యూమినియం రేకు ఉంచి, పైనుంచి బోల్టులు దూర్చి, వెడల్పు వాషర్లు వేసి, వదులు కాని నట్లతో బిగించాము. రేకు ఉండటం వల్ల లాగుడు నాలుగు రంధ్రాల మీదనే పడక, అరచేయంత మేర పంచుకుంటుంది. రంధ్రాల చుట్టూ నీరు చొరని బంక పూశాము. పాత రంధ్రాలను రబ్బరు వాషర్లతో బోల్టులు వేసి మూశాము.

నాలుగవది బ్రేకు. గుండు జారిపోయేదాకా దానిని వదులు చేసి, జారటం ఆగేటంత మాత్రమే మళ్లీ బిగించాము. స్ప్రింగు త్రాసు తగిలించి తీగను లాగి చూశాను. ముల్లు 3 కిలోలు దాటగానే చక్రం తిరిగి, తీగ బయటికి వచ్చింది. అంటే తీగ ఉన్నంతవరకూ పడవ మీద పడే లాగుడు ఇంచుమించు 3 కిలోలే. 3ని 45తో హెచ్చవేస్తే 135. మావాడు రెండున్నర సెంటీమీటర్లు జరిగితే చాలు!

అయిదవది తీగ. ఉక్కు తీగను కత్తి కోయలేదు. దానిని తీసివేసి గట్టి అల్లిక దారం చుట్టాము. జాకెట్టు మీద, చేతికి అందేచోట చిన్న కత్తి ఉంచాము. గుండు పోతే పోనీ, కొనుక్కోవచ్చు.

మళ్లీ అదే చెరువుకు వెళ్లాము. "ఆ దుంగ మీదుగానే పో," అన్నాను. వాడు నావైపు వింతగా చూసి, అట్లాగే పోయాడు. గుండు చిక్కుకున్నది. చక్రం కరకరమంటూ తిరిగింది. పడవ కాస్త తలవంచి, మళ్లీ నిలిచింది. వాడు తొక్కటం ఆపి, వెనక్కు వచ్చి, సరిగ్గా గుండుకు పైన నిలబెట్టి పైకి చుట్టాడు. గుండు ఊడి వచ్చింది. ఈసారి నేనూ నవ్వాను.

చేప పడిందా అని అడుగుతారేమో. ఆ రోజు పడలేదు. ఆ తరువాత గాలి లేని ఒక ఆదివారం, పక్కింటాయన పడవ వెంట ఉండగా మావాడు పెద్ద సరస్సులోకి వెళ్లి, ఒక సాల్మన్‌ను పట్టుకొచ్చాడు. మా కోడలు పులుసు పెట్టింది.

పిల్లలూ, అంతా సవ్యంగా ఉన్నప్పుడు ఏమవుతుందో లెక్క వేయటం సులభమే. ఏదైనా చిక్కుకుంటే ఏమవుతుందో కూడా లెక్క వేయాలి. ముడి వేసేటప్పుడే దానిని విప్పే దారి చూసుకోవాలి. ఈ రెండో లెక్క నేను మరిచాను. మీరు మరవకండి.

ఇక మీరు చేసి చూడవలసిన పని. పెద్దవాళ్లను అడిగి ఒక తొట్టిలో నీరు పోయండి. ఖాళీ సబ్బుపెట్టెను తేల్చి, మధ్యలో ఒక గులకరాయి ఉంచండి. పెట్టెకు అడ్డంగా ఒక పుల్ల కట్టి, మూడు వేళ్ల మేర బయటికి ఉండనివ్వండి. పుల్ల కొసకు దారం ముడివేసి, దారానికి ఒక చిన్న నట్టు వేలాడదీయండి. పెట్టె ఒరగదు. ఇప్పుడు నట్టును పట్టుకుని కిందికి లాగండి. ఏమయింది? తరువాత ముడి విప్పి, దారాన్ని పుల్లకు రెండు చుట్లు మాత్రమే చుట్టి, అదేవిధంగా లాగండి. ఈసారి ఏమయింది? ఎందుకు?

జవాబు మీ నోటుపుస్తకంలో వ్రాసుకుని, మీ మేష్టారికి చూపించండి.