పాత రోతా కాదు, కొత్త వింతా కాదు: ఎల్-100 గొడవ

ముందే చెప్పేస్తున్నా. నాకు పాత స్పీకర్ల మీద కోపం లేదు, కొత్తవాటి మీద అసూయా లేదు. నా కోపమల్లా "అదే" అనే ముక్క మీద. "ఇది అదే స్పీకరండీ, అదే సౌండు" అని ఒకాయన కొత్తది అమ్ముతాడు. "అసలు సౌండంటే ఇదీ, ఇప్పుడొచ్చేవన్నీ దండగ" అని ఇంకొకాయన పాతది అమ్ముతాడు. ఇద్దరి మధ్యా మనలాంటి నెలజీతగాళ్ళు బోనస్ డబ్బులు చేత్తో పట్టుకుని నిలబడి ఉంటారు.

నేను మాట్లాడేది జేబీఎల్ ఎల్-100 గురించి. మా టీంలో ఇద్దరు ఈ ఏడాది దీని మీద పడ్డారు. చిక్కడపల్లి కుర్రాడు కొత్తది కొంటానంటాడు. నారాయణగూడ ఆయన అమెరికాలో ఉన్న బావగారి చేత పాత జత వెతికించి తెప్పించుకుంటానంటాడు. లంచ్ టైంలో వీళ్ళ వాదన వినీ వినీ ఈ టపా.

తెలియనివాళ్ళ కోసం కాస్త చరిత్ర. రికార్డింగ్ స్టూడియోల్లో వాడే 4310 అనే మానిటర్ ఉండేది. దాన్ని ఇళ్ళకి పనికొచ్చేలా వాల్‌నట్ పెట్టెలో పెట్టి, ముందు గళ్ళగళ్ళ ఫోమ్ జాలీ తగిలించి 1970లో జేబీఎల్ వదిలిన మోడలే ఎల్-100 సెంచురీ. నారింజ రంగు జాలీ అయితే మరీ ఫేమస్. ఆ కాలంలో అమెరికాలో విరగబడి కొన్నారు. మాక్సెల్ క్యాసెట్ల ప్రకటన చూసే ఉంటారు: కుర్చీలో ఒక మనిషి, ఎదురుగా స్పీకర్, అందులోంచొచ్చే గాలికి జుట్టూ టై వెనక్కి ఎగిరిపోతుంటాయి. ఆ బొమ్మలో ఉన్నది ఎల్-100 యే.

తర్వాత 2018లో "ఎల్-100 క్లాసిక్" వచ్చింది. అదే వాల్‌నట్, అదే గళ్ళ జాలీ, అదే నారింజ రంగు. అమెరికాలో జత 4,000 డాలర్లు, అంటే అప్పటి రేటుకే రెండున్నర లక్షలు, పన్నులు కాకుండా. 2021లో కంపెనీ 75 ఏళ్ళ పండగ పేరు చెప్పి 750 జతల ప్రత్యేక ఎడిషన్, 2023లో మార్క్-2. వ్యాపారం బాగానే నడుస్తోందన్నమాట.

సరే, ముందు పాత పార్టీ సంగతి చూద్దాం.

"ఒరిజినల్ ఒరిజినలే" అంటారు వీళ్ళు. ఒప్పుకుంటా. కానీ ఒరిజినల్ ఇప్పుడెక్కడుంది? మీ ముందుకొచ్చేది 1972 నాటి స్పీకర్ కాదు, యాభై ఏళ్ళు దాటిన స్పీకర్. రెండూ ఒకటి కావు. కెపాసిటర్లు వయసుతో విలువ మారతాయి. మిడ్‌రేంజ్‌కీ ట్వీటర్‌కీ ముందువైపు ఉండే లెవెల్ నాబ్‌లు తుప్పు పట్టి, తిప్పితే బరబరమంటాయి, ఒక్కోసారి ట్వీటర్ నోరే మూసుకుంటుంది. ఆ అందమైన ఫోమ్ జాలీ ముట్టుకుంటే పొడిపొడిగా రాలుతుంది. ఆల్నికో అయస్కాంతం కుర్రతనంలో ఎవడో ఫుల్ వాల్యూంలో వాయిస్తే బలం తగ్గి ఉండొచ్చు. ఇక కోన్లు ఎవరెప్పుడు మార్చారో ఆ దేవుడికే తెలియాలి.

నాకు తెలిసిన ఒకాయన "పూర్తి ఒరిజినల్" అని చెప్పిన పాత జత ఒకటి కొన్నాడు. ఒకవైపు బేస్ తేడాగా ఉందని కోఠీలో ఒక మెకానిక్ దగ్గరికి పట్టుకెళ్తే, ఆయన వూఫర్ విప్పి వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, "కంపెనీ కోన్ అని అమ్మిన్రా అన్నా మీకు? ఇది లోకల్ కాగితం" అన్నాడు. అంటే ఈయన ఇన్నాళ్ళూ ఒక చెవితో కాలిఫోర్నియా, ఇంకో చెవితో కోఠీ విన్నాడు. విని, "ఆ రోజుల్లో సౌండే వేరు" అని అందరికీ చెప్పాడు :)

ఇందులో మెకానిక్ తప్పు లేదు. కోన్ మార్చడం తప్పు కాదు, మార్చకపోతే స్పీకర్ మూగది. మార్చిన సంగతి దాచి "ఒరిజినల్" రేటు గుంజడం తప్పు. నిజానికి పాత సామాను బతికేది ఇలాంటి మెకానిక్‌ల చేతిలోనే. మనం మాత్రం "ఎవడూ ముట్టుకోని పీస్" అంటే లక్షలిస్తాం, ముట్టుకుని బాగుచేసినవాడి దగ్గర వందకీ రెండొందలకీ బేరమాడతాం.

ఇప్పుడు కొత్త పార్టీ.

మన భాషలో చెప్పాలంటే ఇంటర్‌ఫేస్ పాతది, ఇంప్లిమెంటేషన్ మొత్తం తిరగరాశారు. "పైన పటారం లోన లొటారం" అని నేననను, లోన బాగానే ఉంది. కానీ లోన ఉన్నది వేరేది. పాత ఎల్-100లో 12 అంగుళాల వూఫర్‌కి అసలు ఫిల్టరే లేదు. యాంప్లిఫైయర్ తీగ నేరుగా దానికే వెళ్తుంది, పైన ఎంతదాకా పాడగలిగితే అంతదాకా పాడుకో అని వదిలేశారు. మిడ్‌రేంజ్‌కి ఒక కెపాసిటర్, ట్వీటర్‌కి ఒక కెపాసిటర్, రెండు నాబ్‌లు. క్రాసోవర్ అంటే అంతే! కొత్తదానిలో 450 హెర్ట్జ్ దగ్గర వూఫర్‌ని ఆపి మిడ్‌రేంజ్‌కి అప్పజెప్తారు, 3,500 దగ్గర ట్వీటర్‌కి. పాత ట్వీటర్ 1.4 అంగుళాల కాగితపు కోన్. కొత్తది అంగుళం టైటానియం డోమ్, చుట్టూ శబ్దాన్ని దారిలో పెట్టే వేవ్‌గైడ్. పాతది 8 ఓములు, కొత్తది 4.

ఇదేదో చిన్న తేడా అనుకోకండి. ఘంటసాల పాట పెట్టారనుకోండి. పాతదానిలో ఆ గొంతులో ఎక్కువ భాగం 12 అంగుళాల పెద్ద కోన్ లోంచి వస్తుంది. పైకి పోయేకొద్దీ మిడ్‌రేంజ్ కూడా గొంతు కలుపుతుంది, కొంత మేర ఇద్దరూ ఒకే మాట చెప్తారు. అందుకే పాట మీద మీదకొచ్చినట్టుంటుంది. కొత్తదానిలో అదే గొంతు చాలావరకు అయిదుంబావు అంగుళాల కోన్ పని. అంటే పాటగాడు ఇల్లే మారాడు. గుమ్మం రంగు చూసి పాత అడ్రసే అంటే ఎలా?

ఇంజనీరింగ్‌గా ఆలోచిస్తే కొత్తదే కుదురైన డిజైన్. పెద్ద కోన్ పై స్వరాలు పాడేటప్పుడు శబ్దం టార్చిలైటులా ఎదురుగా మాత్రమే పోతుంది, కాస్త పక్కకి జరిగితే మారిపోతుంది. ఆ తద్దినం కొత్తదానిలో తగ్గించారు. చాలా సంతోషం. అలాంటప్పుడు కొత్త పేరు పెట్టి, ఇది మా కొత్త స్పీకర్, పాతదానికన్నా ఇందుకు మెరుగు అని చెప్పొచ్చుగా? చెప్పరు. మెరుగుకి పలికే ధర కన్నా జ్ఞాపకానికి పలికే ధర ఎక్కువ కాబట్టి.

ఇక్కడే నాకు ఒళ్ళు మండే విషయం ఒకటుంది. జేబీఎల్ 1969 నుంచీ హర్మన్ వాళ్ళది (ఆ హర్మన్‌ని 2017లో శామ్‌సంగ్ కొంది). ఆ హర్మన్‌లోనే ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అనే ఇద్దరు పరిశోధకులు 1994లో ఒక పేపర్ రాశారు. 40 మంది హర్మన్ ఉద్యోగుల్నే కూర్చోబెట్టి నాలుగు స్పీకర్లు వినిపించారు, ఒకసారి తెర వెనక, ఒకసారి కళ్ళెదురుగా. కనబడేటప్పుడు పెద్ద, ఖరీదైన వాటికి మార్కులు పెరిగాయి, చిన్నదానికి తరిగాయి. స్పీకర్లు అవే, పాటలు అవే, చెవులు అవే. ఆ తర్వాత వాళ్ళు తెర వెనక స్పీకర్లని సెకన్లలో మార్చే యంత్రం ఒకటి కట్టుకుని, దాంతోనే డిజైన్లు పరీక్షించుకుంటూ వచ్చారు.

చూశారా? కన్ను చెవిని మోసం చేస్తుందని ప్రపంచానికి లెక్కలతో చూపించిన కంపెనీయే, నారింజ రంగు ఫోమ్ పెట్టి మన కంటికి అమ్ముతోంది. వాళ్ళకి తెలియక కాదు, బాగా తెలుసు కాబట్టే.

మరి పోల్చుకోవడం ఎలా అంటారా? మనం టెస్టింగ్ చేసి బతికేవాళ్ళం, ఆమాత్రం తెలియదా?

1. రెండు జతలూ ఒకే గదిలో, ఒకే యాంప్లిఫైయర్ మీద. 4 ఓములకీ 8 ఓములకీ ఇబ్బంది పడని యాంప్లిఫైయర్ కావాలి.
2. శబ్దం స్థాయి సమానం చెయ్యాలి. వాల్యూం నాబ్ ఒకేచోట ఉంటే సమానం అయిపోదు. పింక్ నాయిస్ పెట్టి, ఫోన్‌లో సౌండ్ మీటర్‌తో సరిచూడండి. ఒక్క డెసిబెల్ ఎక్కువున్నా చెవికి అదే "క్లారిటీ"లా అనిపిస్తుంది.
3. అడ్డంగా పల్చటి నేత చీర కట్టండి. దుప్పటి వద్దు, అది పై స్వరాల్ని మింగేస్తుంది.
4. మార్చేవాళ్ళు వేరే ఉండాలి, ఏది మోగుతోందో మీకు చెప్పకూడదు. కనీసం పదిసార్లు. రాసుకోండి.
5. పాతదానికి ముందు కెపాసిటర్లు కొలిచి, పోయినవి మార్పించండి. జబ్బు మనిషితో పరుగు పందెం పెట్టి గెలిచాననకండి.

"అన్నీ ఒకచోట పెట్టే వీలు మాకెక్కడుంది?" అంటారు. లేదు కదా. అయితే పోల్చకండి. నేను పాతది అశోక్‌నగర్‌లో ఒకరింట్లో విన్నాను, కొత్తది ఏడాది తర్వాత వేరే ఊళ్ళో, తివాచీ పరిచిన ఏసీ షోరూంలో విన్నాను. ఏది బావుందని అడిగితే మాత్రం చెప్పను. గది మారితే బేస్ మారుతుంది, ఏడాది గడిస్తే జ్ఞాపకం మారుతుంది. ఆ రెంటినీ కలిపి తీర్పు చెప్తే అది అభిప్రాయం కాదు, పుకారు.

"సంగీతమంటే అనుభూతి, నీ మల్టీమీటర్ గోల ఏంటి?" అనేవాళ్ళు తప్పకుండా వస్తారు. అయ్యా, అనుభూతి పాటది. స్పీకర్ ఒక యంత్రం. వీణ నచ్చడం, నచ్చకపోవడం మీ ఇష్టం, వీణని యథాతథంగా వినిపించడం స్పీకర్ పని. చెవికి కొలబద్ద కావాలంటే త్యాగరాయ గానసభ మనకి నాలుగడుగుల్లోనే ఉంది. ఒక సాయంత్రం ముందు వరసలో కూర్చుని మృదంగం విని, ఇంటికొచ్చి మీ పెట్టె విప్పండి. ఎవరికీ డబ్బు కట్టక్కర్లేని పరీక్ష.

ఇంకోమాట, కొంచెం చేదుగా ఉంటుంది. ఎల్-100 మనలో ఎంతమంది బాల్యంలో ఉంది? 1970లలో లైసెన్సులు, దిగుమతి సుంకాల కాలంలో మన ఇళ్ళల్లో మోగింది మర్ఫీ, ఫిలిప్స్ రేడియోలు, తర్వాత దుబాయి నుంచి ఎవరో తెచ్చిన టూ-ఇన్-వన్. అప్పటి మన సినిమా పాటలు దాదాపు అన్నీ మోనో. అంటే మనం కొంటున్నది మన జ్ఞాపకం కూడా కాదు, కాలిఫోర్నియాలో ఇంకెవరిదో. పరాయివాడి బాల్యానికి ఈఎంఐ కట్టడం ఎందుకో నాకర్థం కాదు.

మన కాచిగూడ తారకరామ థియేటర్‌నే చూడండి. 2022 డిసెంబర్‌లో కొత్త హంగులతో, "ఏషియన్" ముందు చేర్చుకుని మళ్ళీ తెరిచారు. టికెట్టు కొన్నవాడెవడూ పాత తెర, పాత సౌండు కోసం కొనలేదు. పేరు మీద గౌరవంతో పేరు ఉంది, కొత్త సౌండు కొత్త సౌండులాగే వినిపిస్తుంది. ఎవరికీ పేచీ లేదు. స్పీకర్ దగ్గరకొచ్చేసరికి మాత్రం ఎందుకో బుద్ధి పెట్టెలో పెట్టి తాళమేస్తాం.

కాబట్టి చిక్కడపల్లి తమ్ముడూ, కొత్తది కొంటే కొను. కానీ దాన్ని పాతదానితో కాదు, అదే ధరలో దొరికే ఇవాళ్టి స్పీకర్లతో పోల్చి కొను. జాలీ తీసేసి విను. నారాయణగూడ సార్, మీరు పాతదే తెప్పించుకోండి, అందులో తప్పేం లేదు. కాకపోతే అమ్మేవాడి చేత వెనక చెక్క, కోన్లు, క్రాసోవర్ ఫోటోలు తీయించండి, రిపేరు ఖర్చు ముందే పక్కన పెట్టుకోండి, మెకానిక్‌కి అడిగినంత ఇవ్వండి. ఆ పని తెలిసినవాళ్ళు ఏటేటా తగ్గిపోతున్నారు. వాళ్ళు లేకపోతే మీ ఒరిజినల్ హాల్లో పూలకుండీ స్టాండే.

"అదే సౌండు" అని మాత్రం ఇద్దరూ నా దగ్గర అనకండి.