కంఠమునందలి తెల్లని మచ్చలు



గృహిణికి తెలిసియుండవలసిన వ్యాధులలో గొంతుకు సంబంధించినవి ముఖ్యములు. బిడ్డ కడుపునొప్పిని చెప్పుకొనగలడు; గొంతు మూసికొనిపోయిన బిడ్డ చెప్పుకొనుటకైనను నోరు పెగలదు. కావున ఈ నెల కంఠమున గానవచ్చు తెల్లని మచ్చలను గూర్చి వ్రాయదలచితిమి. ఇందుకు మా యింటి కారణము కూడ నొకటి గలదు.

మా వేంపల్లెలో వర్షములు వెనుకబట్టి, పాపఘ్ని మీదుగా చలిగాలి వీచు దినములు రాగానే ఇంటింట పిల్లలకు దగ్గు, పడిశము, గొంతునొప్పి తప్పవు. అట్టి దినములలో నొకనాటి యుదయమున మా వీధిలోని యొక యిల్లాలు ఆరేండ్ల కుమారుని చంకనెత్తుకొని మా గడపకు వచ్చినది. "అక్కా, పిల్లోడు రాత్రి నుంచి నీళ్ళు గూడా మింగలేదు. గొంతులో తెల్లగా ఏందో కనపడతాంది. కొండనాలుక జారిందంటాంది మా అత్త. ఒకసారి చూడక్కా" అని కన్నీరు పెట్టుకొన్నది. బాలుని వాకిట వెలుతురున గూర్చుండబెట్టి, చెంచా కాడతో నాలుక నదిమి చూచితిమి. ఇరువైపుల గవదలు ఎఱ్ఱగా నుబ్బియున్నవి. వానిమీద పెరుగు చిందినట్లు తెల్లని మచ్చలు. ఒడలు కాలిపోవుచున్నది. వెనుకనే వచ్చిన అత్తగారు ఉప్పు, మిరియాలపొడి అద్దిన వ్రేలితో కొండనాలుకను పైకెత్తుటకు సిద్ధముగా నున్నది. ఆమెను బ్రతిమాలి ఆపితిమి. కొండనాలుకకు మందు వేసిన ఉన్న నాలుక ఊడినదని మన పెద్దలు ఊరక చెప్పలేదు గదా!

తల్లీబిడ్డలతో మేమును ప్రభుత్వ వైద్యశాలకు పోయితిమి. వైద్యుడు గొంతు చూచుటకు ముందే "టీకాల కార్డు ఏదమ్మా?" అని అడిగెను. కార్డులో ఐదవయేటి గడి ఖాళీగా నున్నది. బిడ్డకు వచ్చినది గవదల వాపేయని చెప్పి మందు వ్రాసియిచ్చెను గాని, ఆ ఖాళీ గడిని వ్రేలితో చూపుచు, "ఈసారి అదృష్టము బాగున్నది. జ్వరము తగ్గగానే ఈ టీకా వేయింపుడు" అనెను. ఇంటికి వచ్చి మా పెట్టె తెఱచి చూచుకొంటిమి. ఎనిమిదేండ్ల మా రెండవ కుమార్తె కార్డులోను ఆ గడియే ఖాళీ! బడిపంతులుగారి యిల్లు, పుస్తకములకు కొదువ లేదు, ఊరివారికి బుద్ధులు చెప్పుటకు కొదువ లేదు. మన బిడ్డ సంగతి మనకు తెలియలేదు. ఆ సిగ్గే ఈ వ్యాసమునకు మూలము.

గొంతులో తెలుపు కనబడినంతనే అదియంతయు నొకే వ్యాధి యనుకొనరాదు. కొన్ని నిరపాయకరములు, కొన్ని ప్రాణాంతకములు. వానిని వరుసగా తెలిసికొందము.

మొదటిది చంటిబిడ్డల నోటిపూత. నాలుకమీద, బుగ్గల లోపల, అంగిటిలో పాలవిరుగుడు వంటి మచ్చలు కనబడును. పాలచార యైనచో తుడిచిన పోవును. పూత సులభముగా పోదు, బలవంతముగ తీసిన క్రింద ఎఱ్ఱగా నుండును. కాండిడా యను శిలీంధ్రము దీనికి కారణము. శిలీంధ్రమును చంపు చుక్కలు వైద్యుడిచ్చును. పాలిచ్చు తల్లి చనుమొనలకు కూడ మందు రాయకున్న తల్లినుండి బిడ్డకు, బిడ్డనుండి తల్లికి తిరుగుచునే యుండును. పెద్దవారిలో మధుమేహము గలవారికిని, చాలదినములు యాంటీబయాటిక్ మందులు వాడినవారికిని, ఉబ్బసమునకు పీల్చుమందు వాడి నోరు పుక్కిలింపనివారికిని ఇది వచ్చును. మందు పీల్చిన ప్రతిసారి నీటితో పుక్కిలించి ఉమ్మివేయుట చాలవరకు దీనిని నివారించును.

రెండవది గవదల గుంటలలో చేరు గట్టిముద్దలు. ఆహారపు తునకలు, మృతకణములు చేరి తెల్లని పలుకులుగా మాఱును. నోటి దుర్వాసన తప్ప జ్వరముండదు, అపాయము లేదు. ఉప్పునీటితో పుక్కిలించిన చాలును. సూదులతో, పుల్లలతో త్రవ్వరాదు.

మూడవది గవదల వాపు. పిల్లలలో తఱచుగా కానవచ్చునది ఇదియే. దీనికి కారణము లెక్కువగా వైరసులు. అప్పుడు ముక్కు కారుట, దగ్గు, బొంగురుగొంతు తోడుగా నుండును. కొన్నిదినములలో తమంతట తాము తగ్గును, యాంటీబయాటిక్ అక్కఱలేదు. కాని స్ట్రెప్టోకాకస్ అను సూక్ష్మజీవి వలన వచ్చు వాపు వేఱు. అకస్మాత్తుగ జ్వరము, మింగలేని నొప్పి, గవదలపై తెల్లని చీము, దవడ క్రింద నొప్పిగల బిళ్ళలు కట్టుట, దగ్గు లేకపోవుట దీని గుఱుతులు. 5 మొదలు 15 ఏండ్ల పిల్లలకు ఇది హెచ్చు. కంటిచూపుతోనే నిశ్చయింపరాదు, అవసరమైనచో వైద్యుడు గొంతునుండి దూదిపుల్లతో తీసి పరీక్ష చేయించును.

ఇందులో నొక ప్రమాదము దాగియున్నది. ఈ గొంతునొప్పి తగ్గిన రెండు మూడు వారములకు కొందరు పిల్లలకు కీళ్ళు వాచి, జ్వరము వచ్చి, గుండె కవాటములు చెడును. ఇదియే రుమాటిక్ జ్వరము. నొప్పి గొంతులో, దెబ్బ గుండెలో! పెరిగి పెండ్లియై, గర్భవతియైన తరువాత ఆయాసముతో బయటపడిన గుండెజబ్బునకు మూలము చిన్ననాటి గొంతువాపే కావచ్చును. వ్యాధి మొదలైన 9 దినములలోపల పెన్సిలిన్ మొదలుపెట్టిన ఈ యాపద చాలవరకు తొలగును. నోటిద్వారా ఇచ్చు పెన్సిలిన్ సాధారణముగ 10 దినములు వాడవలయును. మూడవనాటికి జ్వరము దిగి బిడ్డ ఆడుకొనగానే మనము మాత్రలు ఆపివేసి, మిగిలినవానిని అలమరలో దాచి మఱొక బిడ్డకు వేయుదుము. ఈ తప్పు మేమును చేసితిమి. పది దినములని చెప్పిన పది దినములే.

నాలుగవది డిఫ్తీరియా; మనవారు కంఠసర్పి యందురు. ఇందు గవదలమీద విడివిడి మచ్చలు గాక, బూడిదరంగు కలిసిన తెల్లని పొర దళముగా పఱచుకొనును. అది కొండనాలుకకు, అంగిటికి ప్రాకును. గీకిన ఊడిరాదు, నెత్తురు కాఱును. జ్వరము స్వల్పమే యైనను బిడ్డ మిక్కిలి నీరసించును. మెడ ఎద్దు మెడవలె వాచును. పొర క్రిందికి దిగిన ఊపిరి యాడదు. ఆ సూక్ష్మజీవి పుట్టించు విషము నెత్తుటిలో గలిసి గుండెను, నరములను చెఱచును. మాట ముక్కుతో వచ్చుట, త్రాగిన నీరు ముక్కునుండి తిరిగి వచ్చుట దాని గుఱుతులు.

సుశ్రుతసంహిత ముఖరోగములు 65 అని లెక్కించి, కంఠమునకు చెందినవి 17 అని చెప్పుచున్నది. అందు రోహిణి యను వ్యాధి 5 విధములు. గొంతున మాంసాంకురములు పుట్టి దారినడ్డగించి ప్రాణము దీయునని దాని లక్షణము. దీనిని కంఠసర్పితో పోల్చినవారు కలరు. ఫ్రెంచి వైద్యుడు బ్రెటొన్నో 1826లో ఈ వ్యాధికి తోలు అను అర్థము గల గ్రీకు పదమునుండి పేరు పెట్టెను. ఆ పొర తోలువలె నుండుటయే కారణము. దీనికి రాజు పేద భేదము లేదు. విక్టోరియా రాణి కుమార్తె ఆలిస్ ఇంట 1878లో ఈ వ్యాధి ప్రవేశించి, నవంబరులో ఆమె చిన్నకూతురిని పొట్టనబెట్టుకొన్నది. చెల్లెలి మరణవార్త విని దుఃఖించిన కుమారుని ఓదార్చుచు ఆ తల్లి ముద్దుపెట్టుకొన్నదనియు, అందువలననే తనకును వ్యాధి సోకినదనియు చెప్పుదురు. డిసెంబరు 14వ తేదీన ఆమెయు కన్నుమూసినది. బిడ్డలను రాజప్రాసాదము కాపాడలేదు. ఏలయన నాటికింకను టీకా పుట్టలేదు.

1884లో లోఫ్లర్ ఈ సూక్ష్మజీవిని ప్రయోగశాలలో పెంచెను. 1890లో బేరింగ్, కిటసాతోలు విషమునకు విఱుగుడు కలదని చూపిరి. అందులకై బేరింగునకు 1901లో వైద్యమున మొదటి నోబెల్ బహుమానము లభించినది. గుఱ్ఱపు నెత్తుటినుండి తీసిన ఆ విఱుగుడే నేటికిని ప్రధానౌషధము. అయితే అది నెత్తుటిలో తిరుగు విషమునే అణచగలదు. అవయవములకు పట్టిన విషమును విడిపింపలేదు. అందుచేత గంటలు కూడ లెక్కకు వచ్చును. పరీక్షఫలము వచ్చువరకు ఆగక, అనుమానమున్నంతనే వైద్యులు దానినిత్తురు. దానితోపాటు యాంటీబయాటిక్ ఇచ్చి, రోగిని వేఱుగా నుంచి, ఇంటివారికిని మందు, టీకా ఇత్తురు.

ఈ వ్యాధి పాతకథ యని తలంపకుడు. హైదరాబాదు నల్లకుంటలో కోరంటి ఆసుపత్రి యని జనులు పిలుచు జ్వరాల వైద్యశాలకు కంఠసర్పి రోగులు వచ్చుట చిరకాలముగ నున్నది. ఆ నగరమున 2003 మొదలు 2006 వరకు సాగిన వ్యాధిని పరిశీలించి 2008లో ప్రకటించిన వ్యాసము మనకు రెండు సంగతులు చెప్పుచున్నది. వ్యాధి 5 మొదలు 19 ఏండ్లవారిలో హెచ్చుగా నుండెను. స్త్రీలలో మఱింత హెచ్చు. నాలుగు లేక అంతకు మించి మోతాదులు పొందినవారిని టీకా కాపాడెను. అనగా పసితనపు టీకాలతో తృప్తిపడి, తరువాతివానిని మఱచినచోటనే వ్యాధికి త్రోవ దొరకుచున్నదన్నమాట. టీకా బలము ఏండ్లు గడచినకొలది తగ్గును. మధ్యమధ్య జ్ఞాపకము చేయుచుండవలయును.

వరుస యిది: పుట్టిన 6, 10, 14 వారములకు పెంటావాలెంట్; 16 మొదలు 24 నెలలలోపల డి.పి.టి. బలపఱచు మోతాదు, 5 మొదలు 6 ఏండ్ల మధ్య మఱొకటి, 10, 16 ఏండ్లకు టి.డి.; గర్భవతులకు టి.డి. ఇవన్నియు ప్రభుత్వమువారు ఉచితముగా నిత్తురు. ఏడేండ్లు దాటిన పిల్లలకు డి.పి.టి.కి బదులు టి.డి. వేయుదురు. మా కుమార్తెకు అదియే వేయించితిమి. ఆడపిల్లకు పదేండ్ల టీకా ఏలయని అడ్డుచెప్పు పెద్దలున్నచో, పైన చెప్పిన నగరపు సంగతి వారికి చదివి వినిపింపుడు.

ఐదవది పెద్దవారి మచ్చ. జర్దా, ఖైనీ, గుట్కా నమలువారికి నోటిలో నొప్పిలేని తెల్లని మచ్చ కట్టును. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల కొందరు స్త్రీలకు చుట్టను నిప్పువైపు నోట పెట్టుకొని కాల్చు అడ్డపొగ అలవాటు గలదు. వారి అంగిలి తెల్లబడి, కొందరికి పుట్టకురుపుగా మాఱుట వైద్యులు గుర్తించిరి. నొప్పిలేదని ఊరకుండరాదు. రెండు మూడు వారములకు మానని ఏ మచ్చయైనను వైద్యునికి చూపవలసినదే.

ఇక ఇంట చేయదగిన ఉపచారములు: గ్లాసెడు గోరువెచ్చని నీటిలో అరచెంచా ఉప్పు కలిపి, పుక్కిలింపగల వయసు పిల్లలచే దినమునకు మూడు నాలుగుమార్లు పుక్కిలింపజేయుడు. పలుచని రాగిజావ, గంజి, మజ్జిగ ఇచ్చుచుండుడు. జ్వరమునకు తూకమునుబట్టి పారాసెటమాల్ చాలును; పిల్లలకు ఆస్పిరిన్ వలదు. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకింపరాదు. వ్రేలు పెట్టి గొంతు నొక్కుట, గుడ్డతో పొరను గీకుట, పసరులు పోయుట మానుడు. బిడ్డ చొంగ కార్చుచు, ముందుకు వంగి, ఊపిరికి శబ్దము చేయుచున్నచో చెంచాతో గొంతు చూచుటయు ప్రమాదమే. వెంటనే 108కి కబురు చేయవలయును. మెడవాపు, ప్రాకు పొర, మాటలో ముక్కుధ్వని, నీరు త్రాగలేమి — వీనిలో నేది కనబడినను తెల్లవారువరకు ఆగరాదు. మా ప్రాంతమువారికి కడప దూరమని తోచవచ్చును గాని, బిడ్డకంటె దూరమైనది లేదు.

ఆ బాలుడు పదవనాటికి మాత్రలు ముగించి మఱల బడికి పోవుచున్నాడు. ఖాళీ గడి నిండినది. ఆ అత్తగారే యిప్పుడు వీధిలోని పిల్లల తల్లులను "మీ కార్డు చూసుకున్నారా?" అని హెచ్చరించుచున్నది. మీరును ఈ పత్రికను మూసిన వెంటనే పెట్టె తెఱచి బిడ్డల కార్డులు చూచుకొనవలయునని వేడుచున్నాము.