నవంబరు ఒకటవ తేది

మన పాఠశాలలలో ఒక మంచి వాడుక కలదు. ఉదయము ప్రార్థన వేళ నల్లబల్లపై ఆనాటి తేది వ్రాసి, దాని క్రింద ఆ దినమున పుట్టిన మహనీయులను, కన్నుమూసిన వారిని, జరిగిన ఘట్టములను రెండు మూడు పంక్తులలో పేర్కొందురు. ఒక విద్యార్థి దానిని బిగ్గరగా చదువును; తక్కినవారు విందురు. చరిత్ర యనగా పరీక్షల కొరకు వల్లించు రాజవంశముల పట్టిక కాదనియు, మనము గడుపుచున్న ఈ దినమునకు వెనుక అనేక దినములు కలవనియు పిల్లలకు తెలియజెప్పుటకు ఇంతకంటె సులభోపాయము లేదు. ఐతే ఆ పట్టికలో ఎవరికి చోటు దక్కుచున్నది? ఎవరికి దక్కుట లేదు? ఈ ప్రశ్న వేసికొనుటకు నవంబరు ఒకటవ తేది కంటె తగిన దినము కృష్ణా జిల్లా వారికి మరొకటి లేదు.

తెలుగువారి చరిత్రలో ఈ తేదికి ఘనత తక్కువ కాదు. 1956 నవంబరు 1వ తేదిన ఆంధ్ర రాష్ట్రమును, హైదరాబాదు రాష్ట్రమందలి తెలుగు జిల్లాలును ఏకమై ఆంధ్రప్రదేశ్ అవతరించినది. నీలం సంజీవరెడ్డి తొలి ముఖ్యమంత్రి యయ్యెను. 2014 జూన్ 2న తెలంగాణము ప్రత్యేక రాష్ట్రమైనను, ఈ తేది చరిత్రనుండి తొలగిపోలేదు. అంతకు రెండేండ్ల ముందు, 1954లో ఇదే తేదిన, పరాసుల యేలుబడిలోని పుదుచ్చేరితో పాటు మన తెలుగు యానాము కూడ భారత ప్రభుత్వ పాలన క్రిందికి వచ్చినది. భావకవితకు మారుపేరైన దేవులపల్లి కృష్ణశాస్త్రి 1897లో జన్మించినదియు ఈ తేదిననే.

ఇంకను వెనుకకు పోయినచో 1858. ఆ యేడు నవంబరు 1న అలహాబాదులో విక్టోరియా రాణి ప్రకటనను చదివిరి. ఈస్టిండియా కంపెనీ పాలన ముగిసినది. ఈ సంగతి మనకు దూరపు వార్త కాదు. తూర్పు తీరమున ఆ కంపెనీ తొలుత వర్తకశాల తెరచినది 1611లో మన మచిలీపట్నముననే. బందరులో నేటికిని ఇంగ్లీషుపాలెము, వలందపాలెము, పరాసుపేట యను పేరులు నిలిచియున్నవి. వచ్చినవారు పోయిరి, పేరులు మిగిలినవి.

ఇంతవరకు ఏ పట్టిక తిరుగవేసినను దొరకును. అరుదుగా కానవచ్చు పంక్తి యొకటి కలదు. కంపెనీ పాలన ముగిసిన ఆరేండ్లకు, రక్తాక్షి సంవత్సరమున, అనగా 1864 నవంబరు 1వ తేది రాత్రి, పెనుతుపాను బందరును తాకినది. ఆ చీకటిలో సముద్రము గట్టు దాటి ఊరిపై బడినది. పట్టణమును, చుట్టుప్రక్కల పల్లెలను ముంచి నీరు మైళ్ళ కొలది లోపలికి చొచ్చుకొనిపోయినది. మడిసినవారు సుమారు 30,000 మందియని గెజిటీరు చెప్పుచున్నది. ఒకప్పుడు గోలకొండ రాజ్యమునకు ప్రధాన రేవై, దేశదేశముల ఓడలను చూచిన పట్టణము మరల పూర్వవైభవము నొందలేదు.

ఈ 30,000 మందిలో ఎవరి పేరు మనకు తెలియును? బందరులో డచ్చివారి శ్మశానవాటిక కలదు. పదునేడు, పదునెనిమిదవ శతాబ్దులలో ఇచ్చట మరణించిన వర్తకుల పేరులు, తేదులు, వంశచిహ్నములతో సహా అచ్చటి రాళ్ళపై చెక్కబడియున్నవి. ఎక్కడనో పుట్టి వ్యాపారము కొరకు వచ్చినవాడు ఏ నాడు పోయెనో మనము చదువగలము. ఈ మట్టిలో పుట్టి, ఈ మట్టిలో దున్ని, ఒక్క రాత్రిలో పోయిన వేలమంది పేరులు చదువలేము. రాయి వేయించుకొనగలవానికే చరిత్రలో చోటు దక్కునన్న మాట ఎంత చేదైనదో ఈ యొక్క ఊరు చాలును చెప్పుటకు.

అయితే ఇది పోయినవారికి చేయవలసిన గౌరవమునకు సంబంధించిన ప్రశ్న మాత్రమే కాదు. బ్రదికియున్నవారి క్షేమమునకు సంబంధించిన ప్రశ్న. 1864లోనే, బందరు ఉప్పెనకు నెల తిరుగకముందే, అక్టోబరు 5న కలకత్తాను గొప్ప తుపాను ధ్వంసము చేసినది. ఆ తుపానును, 1866, 1871 సంవత్సరములలో వానలు కురియక పోవుటను చూచిన పిమ్మట 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడినది. శాస్త్రము ఆ విధముగ పాఠము నేర్చుకొనెను. మరి తీరమున నివసించు ప్రజలో? 1864కును 1977కును నడుమ 113 ఏండ్లు. చూచినవారు పోయిరి, విన్నవారును పోయిరి. ఉప్పెన యను మాట నిఘంటువులో మిగిలినది. అది ఎట్లుండునో ఎరిగినవారు మిగులలేదు.

1977 నవంబరు 19న దివిసీమపై సముద్రము మరల విరుచుకొనిపడినది. తుపాను వచ్చుచున్నదన్న వార్త లేకపోలేదు. కాని తుపాను వేరు, ఉప్పెన వేరు అని ఎందరికి తెలియును? గాలివాన యనిన తలుపులు బిగించుకొని ఇంటిలో కూర్చుందురు. ఉప్పెన యనిన ఇల్లు విడిచి మెరకకు పోవలెను. ఒకదానికి రక్షణయైనది మరొకదానికి మృత్యువు. తుపాను గాలి సముద్రజలమును తీరమువైపు నెట్టును. మన తీరమున సముద్రము చాల దూరము వరకు లోతు తక్కువ. నెట్టబడిన నీటికి క్రిందుగా మరలిపోవు దారి చాలక పైకి లేచును. పోటు సమయము తోడైనచో మట్టము మరింత పెరుగును. డెల్టా నేల పళ్ళెము వలె చదునైనది గనుక ఒకమారు గట్టు దాటిన నీటికి అడ్డు లేదు. ఆ నాడు నాగాయలంక, కోడూరు ప్రాంతపు పల్లెలు తుడిచిపెట్టుకొని పోయినవి. పోయిన ప్రాణములు సుమారు 10,000.

దీనికి ప్రక్కన మరొక తేదిని పెట్టి చూడవలెను. 1990 మే 9న అంతటి తీవ్రమైన తుపానే కృష్ణా ముఖద్వారము వద్ద తీరము దాటినది. నాడు మరణించినవారు వేయిమందికి లోపు. అదియు చిన్న సంఖ్య కాదు. కాని భేదము గమనింపదగినది. లక్షకు పైగా జనమును ముందుగనే సురక్షిత స్థలములకు తరలించిరి. తుపాను షెల్టర్లు ఉండెను. అన్నిటికంటె ముఖ్యముగా, పదుమూడేండ్ల నాటి దివిసీమ అందరి కన్నులలో మెదలుచుండెను. కదలుమనిన కదలిరి. జ్ఞాపకము ప్రాణములు నిలిపినది.

నేడు మచిలీపట్నములో రాడారు కలదు, ఉపగ్రహములు కలవు, చేతిలోని ఫోనునకే హెచ్చరిక వచ్చును. ఐనను హెచ్చరికను నమ్మి కాలు కదపవలసినవాడు మనిషి. 1977లో పదేండ్ల బాలుడైనవాడు నేడు అరువదికి చేరువయైనాడు. ఇంకొక ముప్పది యేండ్లకు ఆ యుప్పెనయు 1864 వలెనే గ్రంథస్థమైన సంఖ్యగా మాత్రమే మిగులును. మరపు మరల మొదలు కాకముందే చేయవలసిన పని ఒకటి కలదు.

ఆ పని ఎట్టిదో నవంబరు ఒకటవ తేదియే మనకు చూపుచున్నది. 1755లో ఇదే తేదిన పోర్చుగలు రాజధాని లిస్బను నగరము భూకంపముచేతను, వెనువెంటనే లేచిన సముద్రముచేతను, పిమ్మట చెలరేగిన మంటలచేతను నాశనమైనది. అప్పటి మంత్రి, తరువాత పొంబాలు ప్రభువుగా ప్రసిద్ధుడైనవాడు, శిథిలములను తీయించుటతో తృప్తిపడలేదు. దేశమందలి చర్చి గురువులందరికి ఒక ప్రశ్నావళి పంపించెను. భూమి ఎంతసేపు కంపించినది? సముద్రము మొదట వెనుకకు పోయెనా, ముందుకు వచ్చెనా? ఎంత ఎత్తు లేచినది? ఎందరు మరణించిరి? ఆ యుత్తరములు పోర్చుగలు దేశపు దస్తావేజుశాలలో నేటికిని భద్రముగ నున్నవి. భూకంపశాస్త్రమునకు అవి తొలి పునాదిరాళ్ళలో నొకటియని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. దైవకోపమని ఊరకుండక, ఊరూరను అడిగి వ్రాసికొనుటయే ఆ మంత్రి చేసిన మేలు.

మన యూళ్ళలో ఆ పని చేయగలవారు ఉపాధ్యాయులు, విద్యార్థులు. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ పాఠశాలలలోని పిల్లలు తమ యిండ్లలోని పెద్దలను అడుగవచ్చును: ఆ దినము గాలి ఏ దిక్కునుండి వీచినది? నీరు ఏ వేళకు వచ్చినది? ఏ గోడకు ఎంత ఎత్తు వరకు తాకినది? ఎక్కడ నిలిచినవారు బ్రదికిరి? మీ వీధిలో పోయినవారి పేరులేమి? బంటుమిల్లి, కృత్తివెన్ను, పెడన బాలురు తమ యూరి మెరక యెక్కడ, పల్లమెక్కడ, మురుగు కాలువ ఏ దారిని సముద్రమునకు పోవును, సముద్రము పొంగిన నీరు ఏ దారిని వెనుకకు రాగలదు అని పటము గీయవచ్చును. కొత్తగా త్రవ్విన చేపల చెరువులు ఆ దారిని మార్చినవేమో చూడవచ్చును. ఇందు భూగోళము కలదు, గణితము కలదు, తెలుగు వ్రాత కలదు. వేరుగా పాఠ్యగ్రంథ మక్కరలేదు. ఒక నోటుపుస్తకము, పెద్దలు చెప్పునది ఓపికతో వినగల మనస్సు చాలును.

ఆ పుస్తకములు ఏటేట పెరిగి పాఠశాల బీరువాలో నిలిచినచో, ఆ యూరికి అది చరిత్రయు నగును, రక్షయు నగును. నవంబరు 1న రాష్ట్రావతరణమును, కవి జన్మమును నల్లబల్లపై వ్రాయుడు. అవి మన గర్వకారణములు. వాని క్రింద మరొక పంక్తికి చోటుంచుడు: 1864, బందరు ఉప్పెన, సుమారు 30,000 మంది. పేరులు లేవు గనుక ఆ సంఖ్యనైనను పిల్లలు బిగ్గరగా చదువవలెను.